తోక మీది నంబరు

విమానాల మ్యూజియం రికార్డు గదిలో ఆమెను అందరూ నంబర్ల పిన్ని అంటారు. చదివింది మూడో తరగతే. అయినా యుద్ధకాలపు విమానాల మరమ్మతు రిజిస్టర్లు ఆమె వేలు పడితే నోరు విప్పాల్సిందే. కళ్ళద్దాలు ముక్కు చివరికి జార్చి, ఒక్కో నంబరునూ చుట్టాన్ని పలకరించినట్టు పలకరిస్తుంది.

ఒకరోజు ఒక ముసలావిడ, యుద్ధంలో పోయిన అన్న ఉత్తరంలో రాసిన విమానం నంబరు పట్టుకుని మ్యూజియానికి వచ్చింది. అక్కడున్నవి రెండే విమానాలు. ఆఫీసరు ఒకదాని తోక మీది నంబరు చూపించి, "ఇదేనమ్మా" అన్నాడు. పిన్ని రిజిస్టరు చంకన పెట్టుకుని వచ్చింది. "కాదు బాబూ. దీని తోక విరిగితే, ఆ రెండోదాని తోక ఊడదీసి దీనికి బిగించారు. తేదీతో సహా రాసుంది. అసలు నంబరు సీటు కింద రేకు మీద ఉంటుంది, చూడండి." "మూడో తరగతి చదివి నాకు చెబుతావా పిన్నీ?" "నాలుగోది కూడా చదివుంటే మీ కుర్చీలో నేనుండేదాన్ని." రెండో విమానం సీటు విప్పించారు. రేకు మీద ఉత్తరంలోని నంబరే ఉంది. ముసలావిడ ఆ సీటు తడుముతూ "అన్నయ్యా" అంది, అంతే. మొదటి విమానం తోక మీద దాని అసలు నంబరు వేయించడానికి ఆఫీసరు పెయింటరును పిలిపించాడు. ఇంటికెళ్ళే వేళ దాటినా పిన్ని కదల్లేదు. తోక పక్కన నడుం మీద చేతులేసుకుని నిలబడి, "ఆ ఎనిమిదికి పొట్ట సరిగ్గా రాలేదు నాయనా, చెరిపి మళ్ళీ వెయ్యి" అంది.