స్పాన్సర్ గడిలో తండ్రి పేరు

2025 వేసవి. సౌదీలోని జెద్దాలో, బలద్ అనే పాత బస్తీకి దగ్గరగా ఉన్న ఒక కన్సల్టెన్సీ ఆఫీసు. విదేశాల్లో చదవబోయే పిల్లల అప్లికేషన్లు చూడడం నా ఉద్యోగం. మెకానికల్‌లో మాస్టర్స్ హాలిఫాక్స్‌లో చేశాను కాబట్టి, కెనడా తూర్పు తీరంలోని నోవా స్కోషియా రాష్ట్రానికి వెళ్లే ఫైళ్లన్నీ నా టేబుల్ మీదికే వస్తాయి.

ఆ రోజు మస్తాన్ భాయ్, ఆయన కూతురు ఆయిషా వచ్చారు. కడప వాళ్లు. ఆయన ఒక షిప్పింగ్ కంపెనీలో స్టోర్స్ సూపర్‌వైజర్, భార్య ఆస్పత్రిలో నర్సు. జెద్దాలోనే పుట్టి పెరిగిన ఆయిషాకు హాలిఫాక్స్‌లో సముద్ర శాస్త్రం డిగ్రీకి సీటు, దానితో పాటు స్కాలర్‌షిప్ వచ్చాయి. ఇక కావలసింది స్టడీ పర్మిట్, అంటే చదువుకోడానికి కెనడా ప్రభుత్వం ఇచ్చే అనుమతి. ఆ వారం ఫైలు పంపకపోతే సెప్టెంబరు క్లాసులు అందవు.

ఎవరు వచ్చినా ముందు అక్కడి రోజువారీ బతుకు గురించి చెప్పి, ఆ తర్వాతే కాగితాలు తీస్తాను.

"సముద్రం పక్కనే అంటాండావు. మన జెద్దా మాదిరే ఉంటాది గదా?" అన్నారు మస్తాన్ భాయ్.

సముద్రం ఉంటుంది గానీ ఉక్కపోత ఉండదని చెప్పాను. దాని బదులు పొగమంచు. కొన్ని ఉదయాలు హార్బరు అవతలి ఒడ్డు కనపడదు. పొద్దెక్కేసరికి తెర తీసినట్టు విడిపోతే, ఆఫీసులకు వెళ్లే జనంతో ఫెర్రీ వస్తూ ఉంటుంది. చలి దేశం లోపలి రాష్ట్రాలంత ఘోరంగా ఉండదు, సముద్రమే కాస్త కాపాడుతుంది. కాకపోతే మంచు వానగా, వాన గడ్డగా మారుతుంది కాబట్టి కోటు కన్నా ముందు జారని బూట్లు కొనాలి. అద్దె గదులు తేలిగ్గా దొరకవు. చూడకుండా అడ్వాన్సు పంపకూడదు. కో-ఆప్ అని ఒకటుంది: చదువు మధ్యలో కొన్ని నెలలు జీతంతో కంపెనీలో పని, అదీ కోర్సులో భాగమే. ఇక నాకు ఇప్పటికీ గుర్తొచ్చేది, బస్సు దిగుతూ ప్రతివాళ్లూ డ్రైవరుకు థాంక్యూ చెప్పడం. మొదటి వారం వింతగా అనిపించింది. రెండో వారానికి నేనూ చెబుతున్నాను.

ఆయిషా తిమింగలాల గురించి అడిగింది, ఆయన మసీదు గురించి అడిగారు. రెండూ ఉన్నాయన్నాను. ఇద్దరి ముఖాలూ తేలికపడ్డాయి. అప్పుడు ఫారం ముందుకు జరిపి, స్పాన్సర్ గడిలో ఆయన పేరు రాస్తున్నానని, కింద సంతకం పెట్టమని పెన్ను ఇచ్చాను.

ఆయన పెన్ను కింద పెట్టేశారు. ఆలోచించి చెబుతానన్నారు. ఆయిషా ముఖం పాలిపోయింది. డబ్బు భయమేమో అనుకుని ఫీజు వివరాలు మళ్లీ తీశాను. డబ్బు గురించి కాదంటూ తల అడ్డంగా ఊపి, టీకని కిందికి వెళ్లిపోయారు. వెనకే వెళ్లాను.

టీ సగం తాగాక చెప్పారు. "ఇన్నేండ్లు కఫీల్ కింద బతికినా నాయనా. మా అబ్బ చచ్చిపోయినాడని ఫోనొస్తే, కఫీల్ ఊళ్లో లేడు, ఎగ్జిట్ రాలే. నేను పోయేలోపల మట్టి చేసేసినారు. ఆ పేరు నా బిడ్డకు నేను పెట్టుకోవల్లా?"

అప్పుడు తెలిసింది అసలు సంగతి. ఇక్కడ స్పాన్సర్ అంటే కఫీల్, మన ఇఖామా అనే నివాస అనుమతి ఎవరి పేరు మీద ఉంటుందో ఆ మనిషి. ఈమధ్య నిబంధనలు కొంత సడలాయి గానీ, ఆయన కాలంలో దేశం దాటాలంటే కఫీల్ ఒప్పుకోవాల్సిందే. కెనడా ఫారంలో అదే మాటకు చదువు ఖర్చు భరించే మనిషి అని మాత్రమే అర్థం. అదే చెప్పాను.

"ఇంటికి రావాలంటే ఎవర్ని అడగల్ల?"

"ఎవర్నీ అడగక్కర్లేదు భాయ్."

"పాస్‌పోర్టు?"

"తన బ్యాగులోనే ఉంటుంది. కాలేజీ మారాలంటే కొత్త పర్మిట్ తీసుకోవాలి, అంతే. పాత కాలేజీ ఒప్పుకోవాలని లేదు."

"నేను గూడా ఆపలేనా?"

"మీరు కూడా ఆపలేరు."

ఆయన గ్లాసు ఖాళీ చేశారు. "అట్లయితే పద, సంతకం పెడతా."

పైన ఈ కథంతా విని ఆయిషా తండ్రిని చూసి నవ్వింది. "అబ్బా, ఈడ నా కఫీల్ నువ్వే గదా. నా ఇఖామా నీ పేరు మీదే ఉండాది."

ఆయన అదెప్పుడూ ఆలోచించినట్టు లేదు. "నిన్నెప్పుడన్నా ఆపినానా?"

"ఫ్రెండ్స్‌తో యాన్బు బీచికి పోతానంటే?"

"దానికి కఫీల్ ఎందుకే, అబ్బ చాలు."

పర్మిట్ వచ్చింది. ఆగస్టులో ఇద్దరూ మళ్లీ వచ్చారు. ఆయిషా రీ-ఎంట్రీ, అంటే తిరిగొచ్చే అనుమతి మీద వెళితే ఇఖామా నిలుస్తుంది, ఆయన దాన్ని పొడిగిస్తూ ఉండాలి. ఫైనల్ ఎగ్జిట్ అయితే ఇఖామా అక్కడితో పోతుంది. ఆ తర్వాత అమ్మానాన్నల్ని చూడడానికి విజిట్ వీసా మీద, చుట్టంలా రావాలి. రెండూ వివరించాను. కూతురు తండ్రి వైపు చూసింది. ఆయన ఫోను తీసి, ప్రభుత్వ యాప్ తెరిచి, కళ్లద్దాలు సర్దుకుని ఫైనల్ ఎగ్జిట్ నొక్కారు. వెంటనే మెసేజ్ మోగింది.

"ఇంత బిరీన ఎగ్జిట్ ఇచ్చిన కఫీల్‌ను నేనెప్పుడూ చూడలే," అన్నారు. ఆయిషా మాత్రం నవ్వలేదు. ఆయన చెయ్యి పట్టుకుంది.

అప్పటినుంచి ఆ గడి దగ్గర ముందు మాటకు అర్థం చెప్పి, ఆ తర్వాతే పెన్ను ఇస్తున్నాను. నేను కూడా ఆపలేనా అని చాలామంది తండ్రులు అడుగుతారు. ఆపలేరని చెప్పగానే కొందరు ఆలోచనలో పడతారు. ఆ జవాబు విన్నందుకే సంతకానికి లేచింది, ఇప్పటివరకూ మస్తాన్ భాయ్ ఒక్కరే.