మాస్టారు మార్చాలనుకున్న మాట

మొన్న మధ్యాహ్నం మంగళగిరి బస్టాండు దగ్గర ఆటో కోసం నిలబడి ఉంటే వెనకనుంచి ఆ మాట వినిపించింది. "నీగ్రో బాబూ, రా, ఒక్కళ్ళు ఎక్కితే బయల్దేరతా" అంటున్నాడు ఆటో అతను. గొంతులో కోపం లేదు, వెటకారమూ లేదు. బేరం తగలాలన్న తొందర తప్ప మరేమీ లేదు. అతను పిలిచిన కుర్రాడు ఇటువైపు కాలేజీల్లో చదువుకుంటున్న ఆఫ్రికా విద్యార్థుల్లో ఒకడై ఉంటాడు. భుజాన బ్యాగు సర్దుకున్నాడు గానీ తల తిప్పలేదు. వినపడలేదో, వినపడనట్టు ఉండడం అలవాటు చేసుకున్నాడో తెలియదు. నాకు మాత్రం ఆ ఎండలో శామ్యూల్ మాస్టారి గొంతు చెవిలో పలికినట్టయింది. ఆ మాటను ఆయన పలికినంత ప్రేమగా పలికినవాళ్ళను నేను చూడలేదు. చివరికి ఆయన్ని కుంగదీసింది కూడా ఆ మాటే.

తెలుగు లెక్చరరుగా రిటైరయ్యాక మాస్టారు విజయవాడ గాంధీనగరంలో ఒక చిన్న ప్రచురణ సంస్థకు సంపాదకులుగా ఉండేవారు. డిగ్రీ అవగానే నేను అక్కడ ప్రూఫులు దిద్దే పనిలో చేరాను. ఆయన సన్నగా, పొడుగ్గా ఉండేవారు. చొక్కా జేబులో ఎర్ర పెన్ను ఒకటి, నల్ల పెన్ను ఒకటి. టీ తెచ్చే మనిషిని కూడా "అండీ" అనే పిలిచేవారు. చేరిన కొత్తలో నేనొక నవల ప్రూఫు చూస్తూ, ఒక పాత్ర కులం పేరు పెట్టి పాలేరును తిట్టిన వాక్యం దగ్గర ఆగిపోయాను. ఇలాంటిది అచ్చు వెయ్యొచ్చా అని అడిగాను. ఆయన కాగితం తీసుకుని చదివి, ఆ వాక్యాన్ని అలాగే ఉంచమన్నారు. దాని కింది పేరాలో, రచయిత తన సొంత వర్ణనలో అదే మాటను ఉపమానంగా వాడిన చోట మాత్రం ఎర్ర పెన్నుతో గీత గీశారు. "పాత్రను తిట్టనివ్వమ్మా. తిట్టకపోతే ఆ ఊరు చాలా మంచిదనుకుంటారు చదివేవాళ్ళు. రచయితే తిడుతుంటే మాత్రం ఎందుకండీ అని మనం అడగాలి" అన్నారు. మర్నాడు నిజంగానే రచయితకు ఫోను చేసి అడిగారు. గొడవ పడలేదు. అరగంట మాట్లాడాక ఆ రచయితే తీసేస్తానన్నాడు.

మాస్టారిది మా కంకిపాడు వైపే. మా ఊరికీ వాళ్ళ ఊరికీ మధ్య ఒక కాలువ మాత్రమే అడ్డం. మావాళ్ళవి పొలాలు, వాళ్ళవాళ్ళవి ఆ పొలాల్లో నాట్లూ కోతలూ. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరం ఎప్పుడూ ఎత్తేవాళ్ళం కాదు. ఒకసారి ఆఫీసులో కరెంటు పోయి ఇద్దరం మెట్ల మీద కూర్చున్నప్పుడు మాత్రం ఆయనే చెప్పారు. బడిలో చేరేదాకా ఊళ్ళో పెద్దవాళ్ళెవరూ ఆయన్ని శామ్యూల్ అనలేదట. కులం పేరే పేరు. పాదిరిగారు పెట్టిన పేరు ఇంట్లోనూ చర్చిలోనూ మాత్రమే చెల్లేది. కాలేజీకి వచ్చాక లైబ్రరీలో అమెరికా నల్లజాతి కవుల సంకలనం ఒకటి దొరికింది. అందులో పత్తి చేలో గట్టు మీద బిడ్డను పడుకోబెట్టి పని చేసుకునే తల్లి మీద ఒక కవిత ఉందట. "మా అమ్మ నన్ను వరిచేలో అట్లాగే పడుకోబెట్టేది. ఎక్కడి అమెరికా, ఎక్కడి కంకిపాడు! ఆ పుస్తకం మూసి లైబ్రరీలోనే ఏడ్చానమ్మా" అన్నారు. ఆ కవితలన్నీ తెలుగు చేశారు. పుస్తకం పేరులో మొదటి మాటే "నీగ్రో". అప్పట్లో పత్రికలు, పాఠ్యపుస్తకాలు, సభలు అన్నీ ఆ మాటే వాడేవి. ఆ కవులు కూడా తమను తాము అలాగే చెప్పుకున్నారు. అది తన చుట్టాల ఇంటిపేరు అన్నట్టు పలికేవారు మాస్టారు.

గ్రేస్ వచ్చింది ఆ పుస్తకానికి చాలా ఏళ్ళ తరవాత. ఆఫ్రికాలోని మలావీ దేశం నుంచి నర్సింగు చదవడానికి వచ్చి, ఆదివారాలు మాస్టారు వెళ్ళే చర్చికి వచ్చేది. ఆయన ఆమెకు తెలుగు నేర్పేవారు. రత్నమ్మగారు, అంటే మాస్టారి భార్య, చేపల పులుసు పెట్టేవారు. ఆ అమ్మాయి ఆయన్ని "తాతగారూ" అని పిలిచేది, "గారూ" దగ్గర కాస్త సాగదీసి. ఆ పిలుపు వింటే మాస్టారి ముఖం వెలిగేది. అందుకే గవర్నరుపేట హాల్లో తన పుస్తకం మీద సభ పెట్టినప్పుడు గ్రేస్‌ను పిలిచి ముందు వరసలో, నా పక్కన కూర్చోబెట్టారు. ఇన్నాళ్ళకు ఆ కవుల జాతి మనిషి ఒకరు తన ఎదుట కూర్చుని వింటున్నారని ఆయన సంతోషం. ఎప్పుడూ లేనంత బాగా చదివారు. ఆ మాట వచ్చిన ప్రతిచోటా గొంతు పెంచారు. జనం చప్పట్లు కొట్టారు. మూడో కవిత సగంలో ఉండగా గ్రేస్ లేచి, నాకేమీ చెప్పకుండా, బయటికి వెళ్ళిపోయింది. మాస్టారు చూశారు. చదవడం ఆపలేదు గానీ ఆ తరవాత గొంతు మారిపోయింది.

వెనక వరసలో ఎవరో అదంతా ఫోనులో తీశారు. ఆఫ్రికా అమ్మాయిని ఎదురుగా కూర్చోబెట్టి జాతి పేరుతో అవమానించిన ముసలాయన అంటూ సాయంత్రానికల్లా అది పాకిపోయింది. కొందరు యువకులు ఆయన క్షమాపణ చెప్పాలన్నారు, పుస్తకాన్ని వెనక్కి తీసుకోవాలన్నారు. వాళ్ళలో చాలామంది ఆయన పాఠాలు విన్నవాళ్ళే. ఇంకో గుంపు ఆయన తరఫున లేచింది. భావప్రకటన స్వేచ్ఛ అన్నారు, నల్లగా ఉన్నవాళ్ళను నల్లగా ఉన్నారంటే తప్పేమిటన్నారు. ఆ సందట్లో గ్రేస్ ఒంటి రంగు గురించీ, ఆమె దేశం గురించీ రాయకూడని రాతలన్నీ రాశారు. చూడొద్దని నేనెంత చెప్పినా మాస్టారు నా ఫోను తీసుకుని అవన్నీ చదివారు. చదివి ఫోను బల్ల మీద బోర్లా పెట్టారు.

"నన్ను తిట్టేవాళ్ళు నా పిల్లలేనమ్మా, వాళ్ళతో మాట్లాడుకోగలను. నన్ను వెనకేసుకొస్తున్న వీళ్ళను చూస్తేనే భయమేస్తోంది. నా మాటను అడ్డం పెట్టుకుని వీళ్ళు ఎవరిని కొడుతున్నారో చూడు" అన్నారు.

ఆ ఆదివారం ఆయన నన్ను వెంటబెట్టుకుని గ్రేస్ ఉండే గదికి వెళ్ళారు. తాడేపల్లిలో ఒక మేడ మీద చిన్న గది. ఆమె మాకు కుర్చీలు వేసి తను మంచం అంచున కూర్చుంది. మాస్టారు ముందుగా సంజాయిషీ మొదలుపెట్టారు. ఆ రోజుల్లో అది గౌరవమైన మాటేనని, ఆ కవులే దాన్ని వాడుకున్నారని, తను ప్రేమతోనే అన్నానని. ఆమె అన్నీ విన్నది. తరవాత నెమ్మదిగా, సగం ఇంగ్లీషులో సగం తెలుగులో చెప్పింది. అద్దె గది అడిగితే ఇంటివాళ్ళు ఫోనులో ఎవరితోనో అన్న మాట అదేనట. సందులో పిల్లలు వెంటపడి అరిచిందీ అదే. "మీరు చెడ్డగా అనలేదు తాతగారూ, నాకు తెలుసు. మీరు అన్నప్పుడు హాలంతా చప్పట్లు కొట్టింది. తరవాత నాకు కవిత వినపడలేదు. చప్పట్లే వినపడ్డాయి" అంది.

అప్పుడు ఆమె, ఏ దురుద్దేశమూ లేకుండానే, ఒక ప్రశ్న అడిగింది. "చిన్నప్పుడు మీ ఊళ్ళో మిమ్మల్ని ఏమని పిలిచేవాళ్ళు?"

మాస్టారు నావైపు చూడలేదు. కిటికీవైపు చూస్తూ ఆ కులం మాటను, వెనక తగిలించే "గా"తో సహా, పైకి అన్నారు. పెద్దయ్యాక ఎవరి ముందూ దాన్ని పలకలేదని తరవాత నాతో చెప్పారు. మా ఇంట్లో గొడ్ల పేర్లంత మామూలుగా వినపడే మాట అది. పిలిపించుకున్న మనిషి నోటినుంచి వినడం నాకదే మొదలు. చెవులు మూసుకోవాలనిపించింది. గ్రేస్ ఆ మాట అర్థం అడగలేదు. ఆయన ముఖం చూసి అర్థం చేసుకున్నట్టుంది. "నేను దాన్ని మా భాషలోకి మార్చి, మా ఊళ్ళో స్టేజీ మీద చదివితే మీరు వచ్చి ముందు వరసలో కూర్చుంటారా?" అని మాత్రం అడిగింది. "కూర్చోలేను తల్లీ" అన్నారు మాస్టారు. మేం లేచి వస్తుంటే ఆమె గేటుదాకా వచ్చి సాగనంపింది. కోపం లేదంది. ఆ కవితలు వినడానికి మాత్రం మళ్ళీ రానంది.

మర్నాటినుంచి ఆయన పుస్తకాన్ని తిరగరాయడం మొదలుపెట్టారు. పేరులోనూ, ముందుమాటలోనూ, తను రాసిన వివరణల్లోనూ ఆ మాట తీసేశారు. కవులు తమ గురించి తాము చెప్పుకున్న చోట మాత్రం తీయలేదు. ఎందుకు తీయలేదో వివరిస్తూ కొత్త ముందుమాట చెబుతుంటే నేను టైపు చేశాను. ఆ పని ఎవరికీ నచ్చలేదు. యువకులు వచ్చి మొత్తం తీసేయమన్నారు. "నాది నేను దిద్దుకుంటున్నాను. దెబ్బ తిన్నవాడు తన నోటితో చెప్పుకున్నది దిద్దడానికి నేనెవరిని? మీరెవరు?" అన్నారాయన. ఆయన తరఫున లేచినవాళ్ళేమో భయపడి లొంగిపోయాడన్నారు. మా యజమాని వేణుగోపాల్ గారు చెడ్డమనిషి కాదు. గొడవలంటే భయం. "ఇప్పుడెందుకండీ మాస్టారూ, కొన్నాళ్ళు ఆగుదాం" అంటూనే కొత్త ముద్రణ ఆపేశారు. గోడౌన్లో మిగిలిన పాత కాపీలు పాత పేపర్ల కొట్టుకు వెళ్ళిపోయాయి. సభలకు పిలవడం మానేశారు. మాస్టారు ఇంకొన్నాళ్ళు ఆఫీసుకు వచ్చారు. ఎర్ర పెన్ను మూత తీసి, దిద్దకుండానే మళ్ళీ పెట్టేసేవారు. తరవాత రావడం మానేశారు.

గ్రేస్ చదువు పూర్తయి వెళ్ళిపోయేముందు రత్నమ్మగారి దగ్గరికి వచ్చి చెప్పి వెళ్ళిందట. అప్పటికి మాస్టారు జబ్బుపడి ఆసుపత్రిలో ఉన్నారు, చూడ్డానికి ఇంకా ఎవరినీ రానివ్వడం లేదు. ఆ వానాకాలమే ఆయన పోయారు. కొత్త పుస్తకం ఆయన చూడలేదు. ఇవాళ్టిదాకా ఎవరూ వెయ్యలేదు. నేను అడిగిన ప్రతిచోటా మంచి పుస్తకమే అంటారు, మనకెందుకూ అంటారు.

అంత్యక్రియల రోజు ఉదయం ఎవరో వాళ్ళింటి ముందు పెద్ద ఫ్లెక్సీ కట్టి వెళ్ళారు. మాస్టారి ఫోటో, పక్కన భావప్రకటన స్వేచ్ఛ కోసం బలైన యోధుడని రాత, కింద పాత పుస్తకం పేరు. ఆయన పేరుకన్నా ఆ మొదటి మాటే పెద్ద అక్షరాల్లో ఉంది. చర్చి మనుషులు దాన్ని చూసి తలదించుకుని లోపలికి వెళుతున్నారు. రత్నమ్మగారు వరండాలోకి వచ్చి చదివారు. నన్ను దగ్గరికి పిలిచి, "తీసెయ్యమ్మా. శామ్యూల్ అని రాస్తే చాలదా ఆయనకి?" అన్నారు. నేను కుర్చీ ఎక్కి తాళ్ళు విప్పాను. మడత పెట్టి గోడవారన పెట్టాను. ఆయన్ని ఉంచిన పెట్టె మీద మాత్రం చిన్న అక్షరాలతో ఆయన పేరు ఒక్కటే ఉంది.

ఇప్పుడు ఆఫీసులో కొత్తగా ఎవరు చేరినా, ఎవరు రాతప్రతి పట్టుకుని వచ్చినా, ముందుగా ఒక మాట అడుగుతాను. మిమ్మల్ని ఏమని పిలవమంటారండీ అని. చాలామంది నవ్వి పేరు చెప్పేస్తారు. ఎప్పుడో ఒకరు మాత్రం వెంటనే చెప్పరు. ఆ ప్రశ్న తనను ఇంతవరకూ ఎవరూ అడగనట్టు ఒక్క క్షణం నావైపు చూస్తారు. వాళ్ళు చెప్పేదాకా నేను మాట్లాడకుండా ఉంటాను.