ఇద్దరు మాట్లాడే భాషకి వ్యాకరణం

ఆ రోజుల్లో బీయే పరీక్షలు రాసి ఇంటికొచ్చిన కుర్రాడికి చేయడానికి రెండే పనులుండేవి: పొలం వెళ్ళడం, వెళ్ళకుండా తప్పించుకోవడం. జగ్గయ్యపేటలో నేనూ, మా వీధి చివర సాయిబుగారబ్బాయీ రెండో పని ఎంచుకుని, అందులోనూ తీరిక మిగలడంతో ఒక భాష తయారు చేశాం. అతను తెలుగు ప్రత్యేకంగా చదివి, కాలేజీలో ఎవరు పద్యం రాసినా యతి తప్పిందని చెప్పేవాడు కనక అందరం అతన్ని శాస్త్రి అనేవాళ్ళం. వాళ్ళ నాన్నగారు పిల్లలకి అరబ్బీ నేర్పేవారు. అదిగాక, జ్వరమొచ్చిన పసివాళ్ళకి ఆయన ఏదో చదివి ఊదిన నీళ్ళు పడితే తగ్గుతుందని, మా వాళ్ళూ వాళ్ళ వాళ్ళూ అనే తేడా లేకుండా, నందిగామ నుంచి కూడా జనం బస్సెక్కి వచ్చేవారు.

అరబ్బీ, హీబ్రూ లాంటి భాషల్లో మాటకి మూడు హల్లులే ఎముకలట. మధ్యలో అచ్చులు మారుస్తూ పోతే అదే మాట తిన్నాడు, తిన్నది, తినేవాడు, తినేచోటు అన్నీ అవుతుందట. శాస్త్రి ఈ సంగతి చెప్పిన సాయంత్రమే మా భాషకి శంకుస్థాపన జరిగింది. క-మ-ట అంటే తినడం. కమట, తిన్నాడు. కమటత్, తిన్నది. కామిట్, తినేవాడు. మక్మట్, హోటలు. ఏకవచనం, ద్వివచనం, బహువచనం మూడూ పెట్టాం. (మాట్లాడేది మేమిద్దరమే కావడంతో బహువచనం వాడకుండానే మిగిలిపోయింది.) హల్లులన్నీ ఎవరో పీక నొక్కుతున్నట్టు గొంతు అడుగునుంచి పలకాలని నియమం. వ్యాకరణం బ్రహ్మాండంగా కుదిరింది గాని మాటలే కాస్త తక్కువ. తినడం, పారిపోవడం, సైకిలు అడుక్కోవడం, పరీక్ష గట్టెక్కడం. అప్పటికి మా జీవితంలో ఉన్న క్రియలు అవే.

ఇంతలో మా మావయ్య నందిగామలో ఒక సంబంధం చూశాడు. పిల్లని చూసినచోట పెళ్ళికొడుకు నోరు విప్పకూడదు, "ఇంటికెళ్ళి కబురు చేస్తాం" అని పెద్దవాళ్ళే అనాలి, అది పద్ధతి. "నువ్వు తల వంచుకు కూర్చో. నచ్చిందో లేదో నేను చూసుకుంటా" అన్నాడు మావయ్య. నచ్చాల్సింది ఎవరికో నాకు కొంచెం అస్పష్టంగా ఉండటంతో శాస్త్రిని కూడా వెంటబెట్టుకెళ్ళాను.

నన్ను నట్టింట్లో కుర్చీలో కూర్చోబెట్టారు. అమ్మాయి కాఫీ గ్లాసులు తెచ్చింది. మావయ్య పత్తి ధర గురించి ఉపన్యాసం ఇస్తున్నాడు. ఆ ధర తప్పని ఆమెకి తెలుసనుకుంటాను, నా గ్లాసు పెడుతూ ఆయనవైపు ఒక్కసారి చూసి, నవ్వు ఆపుకుంటూ తలుపు వెనక్కి వెళ్ళిపోయింది. అంతే. ఈ జన్మకి ఇంకో సంబంధం చూడక్కర్లేదనిపించింది. ఆ సంగతి అక్కడికక్కడే శాస్త్రికి చెప్పకపోతే ప్రాణం నిలిచేట్టు లేదు. తీరా చూస్తే మా భాషలో నచ్చడానికి ధాతువే లేదు! ఉన్నవాటిలో దగ్గరిది గ-ట-క, పరీక్ష గట్టెక్కడం. "గటకత్! గటకత్!" అన్నాను, నియమం తప్పకుండా గొంతు అడుగునుంచి. శాస్త్రి తలెత్తకుండానే, "నొక్కి చెప్పేటప్పుడు గట్టకత్" అని సవరించాడు. సవరించుకుని మళ్ళీ అన్నాను. మెడనరాలు పొంగాయని తర్వాత విన్నాను.

అమ్మాయి నాయనమ్మ శాస్త్రిని ఎగాదిగా చూసింది.

"నువ్వు పేట సాయిబుగారబ్బాయివి కదూ?"

"అవునమ్మా."

"అనుకున్నా! ఇతనికి వచ్చినప్పుడల్లా పక్కనుండి చదువుతావన్నమాట. ఎన్నాళ్ళనించి నాయనా, ఈ జబ్బు?"

మావయ్య నావైపు, "ఇన్నాళ్ళూ నా దగ్గరే దాచావటరా" అన్నట్టు చూశాడు. అమ్మాయి నాన్నగారు లేచి నిలబడి, "ఇలాంటివి ముందే చెప్పాలండీ" అన్నారు. నా సంబంధం నా కళ్ళముందే గుమ్మం దిగుతోంది. శాస్త్రి అబద్ధమాడే మనిషి కాదు.

"జబ్బు కాదమ్మా, వ్యాకరణం" అన్నాడు.

"అయ్యో నా తండ్రీ! తగ్గుతుందా?"

"పెళ్ళయితే తగ్గొచ్చమ్మా."

తలుపు వెనక నవ్వు ఈసారి ఆగలేదు. అమ్మాయే బయటికొచ్చి, "ఇంతకీ నన్నేమన్నారండీ?" అంది. ఆ ఇంట్లో అలా అడిగిన మొదటి ఆడపిల్ల ఆమేననుకుంటాను. తల వంచుకోమని మావయ్య నా తొడ గిల్లాడు. నేను ఎత్తాను.

"పాసయ్యారన్నానండీ."

"పరీక్షకి నేనెప్పుడు కూర్చున్నానండీ? నట్టింట్లో కుర్చీ వేసుకుని కూర్చుంది మీరు కదూ?"

అదీ నిజమే. "అయితే నేను పాసయ్యానా అండీ?" అన్నాను.

"ఇంటికెళ్ళండి. కబురు చేస్తాం."

కబురొచ్చేదాకా నాకు అన్నం సహించలేదు. (కామిట్‌ని అయ్యుండీ!) చివరికి నాయనమ్మ పెట్టిన ఒక్క షరతుతో వచ్చింది: పెళ్ళికి ముందు నేను సాయిబుగారి నీళ్ళు తాగాలి. తాగాను. ఆయన అంతా విని, చదివి ఊది నాకిచ్చి, కొడుకువైపు చూసి, లోపలివాళ్ళతో "వీడికీ ఓ గ్లాసు తీసుకురండి" అన్నారు.

ఇప్పుడు ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. నచ్చారండీ అని తెలుగులో ఒక్క ముక్క అనలేక, గొంతు చించుకుని ఇంకో భాషలో అఘోరించాడు. ఆ ముక్క ఇన్నేళ్ళ కాపురంలో నేను తెలుగులో అననే లేదని మొన్నామధ్య గుర్తొచ్చింది. అందామని పక్కన కూర్చున్నాను. ఆవిడ పేపరు దించి, "ఏం కావాలి?" అంది.

"ఏం లేదు" అన్నాను.