మురుకుల డబ్బాలో మాత్రలు

మా హాస్టల్ గదిలో అల్మారా పైన ఒక స్టీలు డబ్బా ఉండేది. కర్నూలు నుంచి మా అమ్మ మురుకులు పెట్టి పంపిన డబ్బా. మురుకులు రెండు రోజుల్లో అయిపోయాయి. ఆ తర్వాత నాలుగేళ్ళు అందులో మాత్రలే ఉన్నాయి. ఎవరికి జ్వరమొచ్చినా తార్నాకలో ఏదో ఒక మందుల షాపుకు వెళ్ళి యాంటీబయాటిక్ తెచ్చుకోవడం, రెండో రోజుకు కాస్త తగ్గగానే మిగిలిన మాత్రల పట్టీని నా డబ్బాలో పడేయడం మా అంతస్తులో ఆచారం. ల్యాబులో పేరు రాయని గొట్టం కనిపిస్తే మా సారు చెత్తబుట్టలో వేసేవారు. ఆ అలవాటు కొద్దీ ప్రతి పట్టీ వెనకా మార్కర్‌తో రాసేదాన్ని: గొంతు, జ్వరం, కడుపు. నా దస్తూరి బాగుంటుందని గర్వం కూడానూ.

ఇంతకీ నా పరిశోధన దేనిమీదో చెబితే మీరే నన్ను తిడతారు. ఎలుకలకు పదిహేను రోజులు నీళ్ళలో యాంటీబయాటిక్ కలిపి పట్టి, ఆ తర్వాత రోగం అంటించేదాన్ని. మందు తాగని ఎలుకలు నాలుగు రోజులు ముడుచుకుని పడుకుని లేచేవి. తాగినవి చాలావరకు లేచేవి కావు. పేగుల్లో ఉండే మంచి సూక్ష్మజీవులు మన రక్షణ కణాలకు రోజూ పని నేర్పుతుంటాయి. వాటిని చంపుకుంటే శత్రువు వచ్చిన సంగతి ఒంటికి ఆలస్యంగా తెలుస్తుంది. ఈ మాటే సెమినార్లో అరగంట చెప్పి, చప్పట్లు కొట్టించుకుని, గదికొచ్చి డబ్బా మూత తీసేదాన్ని. కంచే చేను మేయడమంటే ఇదే. ఎలుకలు ల్యాబులో, మనుషులు హాస్టల్లో అనుకున్నానేమో, నా మొహం.

నా రూమ్మేటు సిద్దిపేట వైపు రైతుల పిల్ల, ఎమ్మెస్సీ చదివేది. ఆ చలికాలం దానికి నాలుగుసార్లు గొంతు పట్టింది. "అక్కా, గొంతు గోలీలు ఉన్నయా?" అని అడిగిన ప్రతిసారీ ఇచ్చాను. నాలుగోసారి గొంతు తగ్గింది గానీ విరేచనాలు పట్టుకున్నాయి. దానికి 'కడుపు' అని రాసిన పట్టీ ఇచ్చాను. మూడో రోజు పొద్దున బాత్రూమ్ గుమ్మంలో పడిపోయి ఉంది. లంగా అంతా రక్తం. ఆటోలో నా భుజం మీద తల వాల్చి, "అక్కా, కండ్లు కనవడ్తలేవు" అంది.

"ఈ మధ్య ఏమేం మందులు వాడింది?" అని ఆసుపత్రిలో డాక్టరమ్మ అడిగింది. వేళ్ళు మడుస్తూ చెప్పసాగాను. ఐదో వేలికి వచ్చేసరికి ఆవిడ రాయడం ఆపేసింది.

"ఇవన్నీ ఎవరు రాసిచ్చారమ్మా?"

"నేనే ఇచ్చినా మేడమ్."

లోపల మంచివన్నీ చచ్చిపోయి ఒక మొండి క్రిమి పెరిగిందనీ, పేగు పుండైందనీ, దాన్ని అడ్డుకునే శక్తి ఒంట్లో మిగల్లేదనీ, రెండు రోజులు గడిస్తే గానీ ఏమీ చెప్పలేననీ అంది. అది నా థీసిస్‌లో మూడో అధ్యాయం. ఆ మాటలన్నీ నేను టైపు చేసినవే.

మూడో రోజు గండం గడిచిందన్నారు. అప్పటికి ఊరి నుంచి వాళ్ళమ్మ వచ్చి ఉంది. వరండాలో నా చేయి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

"నువ్వుండవట్టి నా బిడ్డ బతికింది. అక్క పెద్ద సదువు సదివింది, డాక్టర్ లెక్క గోలీలిస్తదని ఫోన్ల ఎప్పుడూ జెప్తది."

కొంగు ముడి విప్పి ఒక పట్టీ తీసింది. ఒక్క మాత్ర మిగిలి ఉంది. వెనక గుండ్రటి నా దస్తూరి: జ్వరం.

"దసరాకు వచ్చినప్పుడు తెచ్చిచ్చింది. మా పెద్దదాని బిడ్డకు రెండేండ్లు. పాపకు జరమొచ్చినప్పుడల్లా సగం ఇరిచి తేనెల కలిపి ఏస్తున్న. అయిపోవట్టె. ఇంకొకటి ఉంటే ఇయ్యి బిడ్డా."

నేనెప్పుడూ చూడని ఆ ఊళ్ళో, చూడని ఆ పసిపిల్ల ఒంట్లోకి నా డబ్బా చేరిపోయింది. అన్నీ చెప్పేశాను, ఏడుస్తూనే: డబ్బా, సగం మిగిల్చిన పట్టీలు, ఎలుకలు, లేవని ఎలుకలు. పాపకు ఇంక వేయొద్దని, ఇవాళే పిల్లల డాక్టరుకు చూపించమని బతిమాలాను.

ఆమె అరవలేదు, తిట్టలేదు. ఫోను తీసి పెద్ద కూతురికి ఆ మాటే చెప్పింది. తర్వాత ఆ పట్టీని నా ఒళ్ళో పెట్టి, ఎంతకీ అర్థం కానట్టు నా మొహంలోకి చూసింది.

"మరి నువ్వు సదివేది గదే గదా బిడ్డా?"