తాళం తీసినా ఆగని ఇంజన్

ఇది రాసి పెట్టకపోతే మా నాన్న ఇంజన్‌కి పూనకం తెప్పించిన మనిషిగానే మిగిలిపోతాడు. మా ఊళ్ళో ఆ కథ ఇప్పటికే రకరకాలుగా తిరుగుతోంది. కొందరు దిష్టి అంటారు, కొందరు తుక్కులోంచి తెచ్చిన ఇంజన్‌తో పాటు ఎవరిదో ఆత్మ వచ్చిందంటారు. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. పైగా మా శాఖా గ్రంథాలయంలో ఇంజన్ల మీద ఉన్న పుస్తకాలన్నీ అప్పటికే చదివేశాను. పదో తరగతితో బడి ఆగిపోయిన నాకు ఆ గ్రంథాలయమే కాలేజీ. కాబట్టి జరిగింది జరిగినట్టు చెప్పాల్సింది నేనే.

మా తమ్ముడికి ఒక పాత పెట్రోలు పికప్ బండి ఉంది. విజయనగరంలో కూరగాయలు ఎక్కించుకుని పాతపట్నంలో దింపి వస్తాడు. బండి బాగానే లాగేది గాని పెట్రోలు మాత్రం విపరీతంగా తాగేది. అంత దూరం పోయి వస్తే కిరాయిలో చేతికి మిగిలేదేమీ లేదు. చివరకు, తుక్కుకి పోతున్న ఒక జీపులోని డీజిల్ ఇంజన్ తెచ్చి ఇందులో పెట్టించడానికి సిద్ధపడ్డాడు. ఇది కుదరకపోతే బండి అమ్మేసి ఎవరి లారీ మీదో డ్రైవరుగా పోతానని ఇంట్లో చెప్పేశాడు.

రామతీర్థం వెళ్ళే దారిలో ఉన్న ఒక షెడ్డులో పని మొదలైంది. మెకానిక్ మాకు వరసకు మావ అవుతాడు. పాత ఇంజన్ దింపి, కొత్తది కూర్చోవడానికి చట్రం మీద ఇనుప పట్టీలు కోసి వెల్డింగ్ చేశాడు. ట్యాంకు కడిగి, పైపులన్నీ మార్చాడు. నేను వెళ్ళినప్పుడల్లా పక్కన నిలబడి చూసేదాన్ని.

"దీనికి స్పార్క్ ప్లగ్గు ఉండదు కదా మావా? గాలి నొక్కుకుంటే పుట్టిన వేడికే డీజిల్ అంటుకుంటాది కదా?" అని ఒకసారి అడిగాను.

"మీ గ్రంథాలయంలో పానాలు కూడా ఇస్తారేటే? ఇస్తే పద్నాలుగు నంబరుది ఒకటి అట్టుకురా, నాది పోయినాది" అన్నాడు మావ, బండి కిందనుంచి.

మా నాన్న గుడిలో దీపం చూసుకుంటాడు. తాతల నాటి నుంచి అదే మా వాళ్ళ సేవ. అఖండ దీపం కుందిలో నూనె ఎప్పుడూ అంచు దాకా ఉండాలి, వెలితి కనిపించకూడదు. నాన్న తన పనిలో అన్నిటికన్నా ఎక్కువగా పట్టించుకునేది అదే.

ఇంజన్ మొదటిసారి తిప్పే రోజు నాన్న కూడా వచ్చాడు. కొబ్బరికాయ కొట్టి, బానెట్‌కి కుంకుమ పెట్టాం. గాలిలోని దుమ్మును పట్టే ఎయిర్ క్లీనర్ అడుగున గుండ్రటి గిన్నె ఒకటి ఉంటుంది. అందులో ఇంజన్ ఆయిల్ పోయాలి. మావ ఆ గిన్నె చూపించి, "బావా, మొదటి నూనె నీ సేత్తో పొయ్యి" అని చెప్పి, బ్యాటరీ వైర్లు బిగించడానికి వెళ్ళాడు. నాన్న చెంబు అందుకున్నాడు.

నేను చక్రాల ముందున్న రాళ్ళు తీసి నిమ్మకాయలు పెట్టాను. షెడ్డు నేల రోడ్డు వైపు వాలుగా ఉంటుంది. బండి ముఖం అటే ఉంది. హ్యాండ్ బ్రేకు ఇంకా కలపలేదు. తమ్ముడు బ్రేకు తొక్కి సీట్లో కూర్చుని తాళం తిప్పాడు.

ఇంజన్ ఒక్కసారికే అందుకుంది. మావ ముఖం వెలిగిపోయింది. అంతలో చప్పుడు పెరగడం మొదలైంది.

"ఒరే, ఏక్సిలేటరు మీద కాలు తియ్యిరా."

"నాను తొక్కట్లేదు మావా."

"అయితే తాళం తీసెయ్."

తమ్ముడు తాళం తీసి, కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి చూపించాడు. తాళం వాడి చేతిలో ఉంది. ఇంజన్ ఆగలేదు. ఇంకా పెరిగింది. మావ డీజిల్ పైపు ఊడబెరికాడు. అప్పటికీ ఆగలేదు. తాళం లేదు, డీజిల్ లేదు, అయినా ఆ ఇనుము అరుస్తూనే ఉంది. తెల్లటి పొగలో గోడలు కనిపించడం మానేశాయి. రేకుల కప్పు కొట్టుకుంటోంది. నా కాళ్ళు కదల్లేదు.

ఇలాంటి ఇంజన్ ఒక్కోసారి ఆయిలే తాగి పరుగెడుతుందని, గాలి మూస్తే తప్ప ఆగదని, ఆగకపోతే ముక్కలై ఎగిరిపోవచ్చని నేను పుస్తకంలో చదివాను. చదివినప్పుడు అది ఒక వాక్యం. ఇప్పుడు ఆ ఇంజన్ వెనక నా తమ్ముడు కూర్చున్నాడు.

"దిగిపోరా" అని అరిచాను. వాడు తల అడ్డంగా ఊపి, తాళంతో ఎదురుగా రోడ్డవతలి టీ బడ్డీని చూపించాడు. బెంచీల మీద జనం ఉన్నారు. వాడు బ్రేకు వదిలితే బండి వాళ్ళ మీదికే పోతుంది.

అప్పుడు కదిలాయి నా కాళ్ళు. ఒక రాయి నేను మోసుకొచ్చి చక్రం ముందు పెట్టాను, ఇంకొకటి టీ బడ్డీ నడిపే పిన్ని పరుగెత్తుకొచ్చి పెట్టింది. ఈలోగా మావ ఎయిర్ క్లీనర్ రబ్బరు గొట్టం పీకి, తన టైరు చెప్పు ఇంజన్ గాలి పీల్చే మూతికి అదిమిపెట్టాడు. ఇంజన్ రెండుసార్లు ఎగిరిపడి, దగ్గి, ఆగింది.

బడ్డీలో పాలు పొంగి పొయ్యి మీద పడుతున్న చప్పుడు వినిపించింది.

"అక్కా, కాలు రావట్లేదు" అన్నాడు తమ్ముడు. బ్రేకు మీద కాలు బిగుసుకుపోయింది. నాన్న వచ్చి, వంగి, రెండు చేతులతో ఆ పాదాన్ని పెడల్ మీంచి ఎత్తాడు.

మావ గిన్నె విప్పి చూశాడు. "ఇందులో ఎంత పోసినావు బావా?"

"నిండా పోసినాను. ఎలితి ఉండకూడదు గదా."

మావ గిన్నె మధ్యలో ఉన్న గీత చూపించాడు. "ఇంతవరకే పొయ్యాల. మిగిలిందంతా ఇంజన్ పీల్సేసినాది. నాను సెప్పనేదు, తప్పు నాదే."

నాన్న ఇంకా తమ్ముడి పాదం వదల్లేదు.

"దేవుడికి సేసినట్టు సేసినావు నాన్నా. అంత మర్యాద దానికెప్పుడు జరిగినాది? అందుకే ఎగిరినాది" అన్నాడు తమ్ముడు. మేం నవ్వాం. నాన్న నవ్వలేదు.

మావ ఇంజన్ విప్పి చూస్తే లోపల ఏమీ విరగలేదు. తమ్ముడు ఇప్పుడు ఆ బండితోనే పాతపట్నం వెళ్ళి వస్తున్నాడు, లారీ మాట ఎత్తడం లేదు. వాడు తాళం తిప్పినప్పుడల్లా నాన్న అరుగు దిగి వచ్చి, బండి వీధి మలుపు తిరిగేదాకా నిలబడతాడు. ఈ మధ్య నన్ను అడిగాడు, "అది దానంతటదే అలా పరిగెడతాదని నిజంగా పుస్తకంలో ఉన్నాదా?" అని. పుస్తకం తెచ్చి చదివి వినిపించాను. మళ్ళీ చదవమన్నాడు.

పేర్లు రాయొద్దని అందరూ అన్నారు కాబట్టి వరసలతోనే చెబుతాను. చెప్పు పాడైపోయినా కొత్త జత కొనిపెడతామంటే ఒప్పుకోని మావకి, పాలు పొంగుతున్నా వదిలేసి రాయి మోసిన టీ బడ్డీ పిన్నికి, గడువు దాటినా ఆ పుస్తకం నా దగ్గరే ఉంచుకోనిచ్చిన మా గ్రంథాలయం మాస్టారికి, కాలు తియ్యని నా తమ్ముడికి, ఇదంతా రాస్తానంటే "ఉన్నదున్నట్టు రాయి" అన్న మా నాన్నకి నా కృతజ్ఞతలు.