పురుగులమ్మ

ఎవరు పెట్టారో గానీ, ల్యాబ్‌లో అందరూ ఆవిడని పురుగులమ్మ అనే పిలుస్తారు. పచ్చపురుగుల వీపు మీద ఒక్కో చుక్క పురుగుమందు వేయడం, మర్నాడు పొద్దున్నే సన్న కుంచెతో తాకి చూడడం ఆవిడ పని. కదిలితే బతికినట్టు. తాకినప్పుడల్లా "లేవే, తెల్లారింది" అని గొణుగుతుంది. కదిలినదాన్ని విడిగా తీసి, పసిబిడ్డకి పెట్టినట్టు మేత పెడుతుంది. ఇదే మందు చేనుకి కొడుతూ ఆవిడ భర్త పొలం గట్టు మీద పడిపోయాడు, మళ్లీ లేవలేదు. పురుగు ఒంట్లోని ఎంజైములు మందుని విరిచేస్తాయని సారు చెప్పినప్పుడు, "మనకుండవా సార్?" అని అడిగింది. "ఉంటాయమ్మా. అంత విషానికి చాలవు." ఆ రోజు నుంచి చేతులు కడుక్కోవడం, వాసన చూసుకోవడం, మళ్లీ కడుక్కోవడం.

మొన్న సారు ఆ ఎంజైములను పనిచేయనివ్వని ద్రావణం ఒకటి తెచ్చారు. ముందు అది, ఆ తర్వాత మందు వేయించారు. మర్నాడు గిన్నెల్లో ఒక్క పురుగూ కదల్లేదు. "అనుకున్నట్టే అయింది! ఇక పారేయమ్మా" అన్నారు సంతోషంగా. ఆవిడ పారేయలేదు. చివరి గిన్నె మీదికి వంగి, కుంచెతో మెల్లగా తడుతూనే ఉంది.

"ఏమండీ," అంది, "తెల్లారింది, లేవండి."