మూడో తలుపు

మా అంతస్తులో చివరి ఇంటి ఆంటీ పోయారు. మార్చి మొదటి వారంలో, ఆసుపత్రిలో, నిద్రలోనే. లిఫ్టు దగ్గర పక్కింటి చైనీస్ అంకుల్ ఆ సంగతి చెప్పి, "మరి ఈ నెల పండగో?" అన్నారు. చావు కబురు వెంట పండగ మాటేమిటని మీకనిపించవచ్చు. నాకూ మొదట గుర్తొచ్చింది ఆ పండగే.

ఆంటీ ఇటలీ నుంచి అమెరికా వలస వెళ్ళినవాళ్ళ మనవరాలు. న్యూయార్క్‌లో పుట్టి, ఓడల్లో పనిచేసే సింగపూర్ మనిషిని పెళ్ళాడి ఇక్కడ సింగపూర్‌లో మా టోవా పాయో పేటకొచ్చి స్థిరపడ్డారు. ఆయన పోయాక ఒక్కరే ఉండేవారు. ఇంగ్లీషు న్యూయార్క్‌దే, చివర తగిలించే "లా" మాత్రం ఇక్కడిది. నూనె డబ్బాలో పెంచిన ఇటలీ తులసిని తెచ్చి నా తులసికుండీ పక్కన పెట్టి, "అక్కచెల్లెళ్ళు, విడివిడిగా ఎందుకు?" అన్నారు. నేను వద్దన్నా వినలేదు. ఎవరి మాటా వినే మనిషి కాదు లెండి.

హాకర్ సెంటర్లో, అదే తిండికొట్లన్నీ ఒకచోట ఉండే చోట, బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పెడితే ఆ కుర్చీ మనదే. ఇక్కడి రివాజు అది. ఆంటీ ఎప్పుడూ ఒక ప్యాకెట్ ఎక్కువే పెట్టేవారు, పళ్ళెం పట్టుకుని దిక్కులు చూసేవాళ్ళెవరైనా కూర్చోవడానికి. జనం కిటకిటలాడుతుంటే పక్కన నాకు తల కొట్టేసినట్టుండేది. "చోటు లేదన్న మాట మా తాత చాలాసార్లు విన్నాడమ్మా" అనేవారు.

ఆ తాత సిసిలీ నుంచి ఓడెక్కి వెళ్ళిన వడ్రంగి. న్యూయార్క్ నేల కింద రైలు సొరంగాలు కడుతున్న రోజుల్లో, కాంక్రీటు పోయడానికి చెక్కలు బిగించేవాడట. వెల్లుల్లి కంపు అని ఇల్లు అద్దెకిచ్చేవారు కాదట. "ముక్కు మూసుకున్నవాళ్ళ పిల్లలు మా తాత సొరంగంలోంచే బడికెళ్ళారు. ఇప్పుడు ఆ వెల్లుల్లి లేకుండా ఎవరింట్లోనైనా ఆదివారం గడుస్తుందేమో చూడు లా" అని నవ్వేవారు. ఇళ్ళ ముందు రాతిమెట్లు, తెల్లారకముందే వెలిగే రొట్టెల పొయ్యిలు, బట్టలు కుట్టే కర్మాగారాల్లో కూలి కోసం కలిసి నిలబడ్డ ఆడవాళ్ళు... ఆవిడకు అమెరికా అంటే ఇవే. "పిలవని ఊరికి వెళ్ళాం. వెళ్ళి దానికి అన్నం పెట్టాం" అనేవారు. పరాయి ఊళ్ళో బతుకుతున్న నాకు ఆ మాట ఎంత ధైర్యమో చెప్పలేను.

మార్చిలో వాళ్ళకో పండగ ఉంది. యేసును పెంచిన తండ్రి వడ్రంగి కదా, ఆయన పేరు మీద పరాయివాళ్ళను పిలిచి భోజనం పెడతారు. అయితే ఆయన కుటుంబానికి బస దొరకని రాత్రికి గుర్తుగా, అతిథులు ముందు రెండిళ్ళ తలుపులు తట్టాలి. ఆ ఇళ్ళవాళ్ళు చోటు లేదని పంపెయ్యాలి. మూడో ఇంటివాళ్ళు తలుపు తీయాలి. మా వరసలో మొదటి తలుపు నాది, రెండోది అంకుల్‌ది.

ఆంటీ అతిథులు మనవాళ్ళే. ఒకప్పుడు మా బ్లాకులో పని చేయడానికి వచ్చిన జగిత్యాల వైపు అన్న, అతని జట్టు. పని ఊళ్ళోనే పాయా లెబార్ అనే మరో పేటకు మారినా, పండగ దగ్గర్లోని ఆదివారం తప్పకుండా వచ్చేవాళ్ళు. తెలుగు నాదే కాబట్టి ఫోన్ చేసి పిలిచేదీ నేనే, వచ్చాక పొమ్మనేదీ నేనే. నా ఖర్మ. మొదటి ఏడాది నవ్వాపుకోలేక గొణిగితే, ఆంటీ తన గుమ్మంలోంచి కేకేశారు. "గట్టిగా చెప్పు. నువ్వు మెత్తగా చెబితే నా తలుపుకి విలువేముంది?"

లోపల పాస్తా మీద వేయించిన రొట్టెపొడి చల్లేవారు. అది వడ్రంగి రంపపుపొట్టుకు గుర్తట. అన్న పళ్ళెంలోకి చూసి, "గిదేంది మేడం, సెంట్రింగు చెక్క పొట్టు లెక్కున్నది" అన్నాడు.

నేను ఆ మాట ఇంగ్లీషులో చెప్పగానే ఆంటీ గరిటె కింద పెట్టేశారు. "మా తాత పని ఇతనికి తెలుసా?"

"ఇతను చేసేది ఆ పనే ఆంటీ."

ఆవిడ అన్న చెయ్యి పట్టుకుని, అరచెయ్యి తిప్పి చూస్తూ ఉండిపోయారు. అతను సిగ్గుపడి, "అమ్మా, జర కారప్పొడి ఏసుకోవచ్చునా?" అన్నాడు. ఆ తర్వాత ప్రతి ఏడూ బల్ల మీద కారప్పొడి సీసా ఉండేది.

ఈసారి ఆంటీ ఇంటికి బంధువులు తాళం వేసుకుని వెళ్ళారు. అన్న ఫోన్ చేశాడు. "అమ్మ లేదు గదా మేడం. రావాల్నా, వద్దా? మావోళ్ళు అడుగుతున్నరు. ఏడాదికి గా ఒక్క దినమే గదా, మమ్మల్ని ఎవరన్నా ఇంట్లకు రమ్మనేది."

నాకు ఏడుపు ఆగలేదు. ఆవిడతో పాటు ఆ ఒక్క రోజు కూడా పోతే ఎలా? "ఎప్పటిలాగే రండన్నా" అన్నాను. ఎవరింటికని అతను అడగలేదు.

ఆదివారం వచ్చారు. నా తలుపు తట్టారు. "చోటు లేదు, పొండి" అన్నాను, ఎన్నడూ లేనంత గట్టిగా. ఆంటీ ఉంటే మెచ్చుకునేవారు. అంకుల్ కూడా పొమ్మన్నారు. అన్న మూడో తలుపు దగ్గరికి వెళ్ళి, తాళం చూసి కూడా తట్టాడు. అందరం ఆగాం. ఎందుకు ఆగామంటే ఇప్పుడూ చెప్పలేను.

నా తలుపు బార్లా తీశాను. "ఇటు రండన్నా. చోటుంది."

రొట్టెపొడి కాస్త మాడింది. ఎవరూ వంక పెట్టలేదు. అంకుల్ తన కుర్చీ తనే తెచ్చుకున్నారు. కారప్పొడి సీసా చేతులు మారుతుంటే నేను గుమ్మంలోకి వచ్చి చూశాను. చెప్పులూ పని బూట్లూ మా గడప ముందు పట్టక వరండా పొడుగునా సాగాయి. చివరి జత ఆంటీ తలుపు ముందుంది, ఎవరో ఇప్పుడే లోపలికి వెళ్ళినట్టు.